పూయకూడని లిల్లీలు

ఇంతకీ ఇష్టం ఎక్కడ మొదలవుతుంది, కంట్లోనా, కంటి వెనకాలా, అని ముకుందం ఆలోచిస్తున్నాడు. ఒకదాని మీద చూపు ఆగాక ఇష్టం పుడుతుందా, లేక ఇష్టం ముందే లోపలెక్కడో పుట్టి చూపును అక్కడికి లాక్కుపోతుందా. లైబ్రరీ కిటికీ సంగతే తీసుకుంటే, తను తోటలో ఏ మూల నిలబడినా తల అటే తిరుగుతుంది. మెడ నరాల్లో ఏదో లోపం ఉందని కొన్నాళ్ళు నమ్మాడు. తర్వాత ఆ నమ్మకాన్ని కూడా పరీక్షించి, అది తనను తాను మభ్యపెట్టుకోవడానికి మనసు వేసిన ఎత్తు అని తేల్చుకున్నాడు. తేల్చుకున్నాక కూడా మెడ అటే తిరుగుతోంది.

"ముకుందం గారూ, మీరు ఏకీభవిస్తారా?" అన్నారు డైరెక్టరు ధనుంజయరావు గారు.

"చిత్తం సార్," అన్నాడు ముకుందం.

దేనితో ఏకీభవించాడో సమావేశం ముగిశాక తెలిసింది. ఇకనుంచి ఆ ఆవరణలో లిల్లీలను ఆకుల కోసం మాత్రమే పెంచుతారు.

అది గోదావరి గట్టుకు దగ్గరలో ఉన్న ప్రాంతీయ పరిపాలనా శిక్షణ కేంద్రం. కొత్తగా ఎంపికైన డిప్యూటీ తహసీల్దార్లు అక్కడికి వచ్చి, ప్రజలతో ఎలా మాట్లాడాలో, ఎలా మాట్లాడకుండా ఉండాలో నేర్చుకుని వెళతారు. ముకుందం అక్కడ ఉద్యానాధికారి. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదో అతనికి తెలుసు. ఎవరైనా ఏదైనా అడిగితే, జవాబు చెప్పేలోపు ఆ జవాబు తనలో ఎందుకు పుట్టిందో చూసుకోవడం అతని అలవాటు. చూసుకుని తలెత్తేసరికి అడిగినవాళ్ళు వెళ్ళిపోయి ఉంటారు. ఆఫీసులో ఆ ఇబ్బంది లేకుండా ఉండటానికే అతను 'చిత్తం' అనే మాటను పట్టుకున్నాడు.

డైరెక్టరు గారు రైలు ప్రయాణంలో ఒక తోటల పత్రిక చదివారు. లిల్లీ పువ్వు వారం రోజులుంటుంది, ఆకు ఏడాదంతా కళ్ళెదుట ఉంటుంది, కాబట్టి మొక్కను ఎంచుకునేటప్పుడు ఆకు అందాన్ని కూడా చూసుకోండి అని అందులో ఎవరో రాశారు. తెలివైన మాటే. కానీ సలహా ఆఫీసు గడప దాటితే సలహాగా మిగలదు. 'కూడా' అన్న మాట రైల్లోనే జారిపోయింది. సలహా విధానమైంది.

"పువ్వు ఒక సంఘటన," అన్నారు డైరెక్టరు గారు, సమావేశంలో లేచి నిలబడి. "ఆకు ఒక వ్యవస్థ. పరిపాలన సంఘటనల మీద ఆధారపడదు. పువ్వు దృష్టిని ఆకర్షిస్తుంది. ఆకర్షణ అంటే ఏమిటి? తాను చేయవలసిన పనినుంచి ఒక ఉద్యోగిని పక్కకు లాగడం. ఆకు ఎవరినీ లాగదు. అది తన స్థానంలో, తన ఎత్తులో, తన రంగులో ఉంటుంది. ఆదర్శ ఉద్యోగి ఆకులాంటివాడు."

పరిపాలనాధికారి నరసింగం గారు కళ్ళు తుడుచుకున్నారు. ఆయనకు ఆ సీజన్లో కళ్ళు నీరు కారతాయి. అయినా తుడుచుకున్న సమయం సరిగ్గా కుదిరింది.

మే నెల ఎండలో ఎంపిక సంఘం కడియం వెళ్ళింది. డైరెక్టరు గారు, నరసింగం గారు, గొడుగు పట్టుకుని ముకుందం. నర్సరీ యజమాని గంగరాజు కుర్చీలు వేయించి, కొబ్బరి బొండాలు కొట్టించి, మొదటి కుండీ ముందుకు జరిపాడు. సాలెగూడులా తెల్లగా పూసే లిల్లీ అది.

"ఆయ్, దీని పువ్వు చూశారంటేనండీ..."

"పువ్వు ప్రస్తావన వద్దు," అన్నారు నరసింగం గారు. "ఎంపిక ప్రక్రియ ప్రభావితమవుతుంది."

గంగరాజు కుండీ మీంచి చెయ్యి తీశాడు. "పెళ్ళికూతురిని చూడ్డానికొచ్చి మొహం చూపించొద్దంటే ఎలాగండీ మరి?"

"మేం జడ మాత్రమే చూస్తాం," అన్నారు డైరెక్టరు గారు. ఆకును వేళ్ళతో పట్టుకుని ఎండలోకి తిప్పారు. "వెడల్పు మితిమీరింది. దీనిలో అధికార ప్రదర్శన కనిపిస్తోంది. తరువాత."

తరువాతది ఎర్రని గొట్టాల్లా పూసే రకం. దాని ఆకులు కుండీ అంచు మీద వాలి ఉన్నాయి. నైతిక స్థైర్యం లేదని తిరస్కరించారు. ఆ తర్వాత ఏడాదికొకసారి బంతిలాగా ఎర్రగా పూసేది వచ్చింది. ఆకు బాగానే ఉంది. కాని అది చలికాలంలో నేలలోకి పోయి పడుకుంటుందని గంగరాజు నోరు జారాడు.

"అంటే అనధికార గైర్హాజరు," అన్నారు నరసింగం గారు.

చివరికి ఒక మూల, సంచుల్లో, గడ్డిలా పెరిగిన సన్నటి ఆకుపచ్చ మొక్కల దగ్గర డైరెక్టరు గారు ఆగిపోయారు. కొత్తగా చేరిన గుమాస్తాల బృందాన్ని చూసినట్టు వాటిని చూశారు.

"ఒకే ఎత్తు," అన్నారు మెల్లగా. "ఒకే వెడల్పు. ఒక్కటి కూడా పక్కదాని కన్నా పైకి లేవాలనుకోవడం లేదు. దీని పేరేమిటి?"

"వాన లిల్లీ అండీ. దీంతో ఏటంటే, గట్టి వానొక్కటి పడిందంటే..."

"చాలు," అన్నారు నరసింగం గారు.

గంగరాజు ముకుందం వైపు తిరిగాడు. "మీరైనా చెప్పండి సారూ. తర్వాత నన్నంటారు."

వానలు పడిన నాలుగైదు రోజులకు ఆ మొక్కలన్నీ ఒక్కసారిగా పూస్తాయని ముకుందానికి తెలుసు. తెలిసీ గొడుగు కాస్త సర్దాడు. తిరిగి వస్తూ జీపు వెనక సీట్లో, ఎందుకు చెప్పలేదా అని తనను తాను విచారించుకున్నాడు. భయం అనుకున్నాడు. భయం కింద వినయం కనిపించింది. వినయం కింద బద్ధకం. దానికీ కింద, చాలా లోతున, బడిలో వెనక బెంచీ పిల్లవాడిలాంటిదేదో చేతులు కట్టుకుని కూర్చుని నవ్వుతోంది. దాన్ని చూసి ముకుందం ఆశ్చర్యపోయాడు. తనలో అలాంటివాడు ఒకడున్నాడని అతనికి అప్పటిదాకా తెలియదు.

నాటిన మొక్కలు నిలదొక్కుకున్నాయి. విధానం వాటి కన్నా వేగంగా నిలదొక్కుకుంది. తోటలో నందివర్ధనాలు, గన్నేర్లు పీకేశారు. వరండా కుండీల్లో మనీప్లాంటు పెట్టారు. ఉపన్యాసం ఇవ్వడానికి వచ్చిన ఒక విశ్రాంత కలెక్టరు గారికి పూలదండకు బదులు కరివేపాకు దండ వేశారు. ఆయన దాన్ని మెడలో ఉంచుకునే విపత్తు నిర్వహణ గురించి మాట్లాడారు. తర్వాత క్యాంటీన్ మంగతాయారు వచ్చి దండ వెనక్కి అడిగింది. ఆ రోజు చారు బాగుందని అందరూ అన్నారు. గెస్ట్ హౌసు కర్టెన్ల మీద గులాబీలు ఉన్నాయి కాబట్టి వాటిని తిరగేసి కట్టారు. తిరగేస్తే గులాబీలు వెలిసిపోయినట్టు కనిపించాయి. అది పరివర్తన దశ అని నరసింగం గారు వివరించారు.

అందరికీ బాగానే అలవాటైపోయింది. ముకుందం గమనించినదేమిటంటే, మనిషికి ఒకటి నిషేధించగానే అది తనకెప్పుడూ అంతగా ఇష్టం లేదనే భావన రెండు వారాల్లో కలుగుతుంది. ఆఫీసులో ఆడవాళ్ళు తలలో మరువం పెట్టుకోవడం మొదలుపెట్టారు. ఒక్క లైబ్రేరియన్ హైమవతి మాత్రం కనకాంబరాలు మానలేదు.

హైమవతి భర్త పోయి చాలా కాలమైంది. కొన్నేళ్ళు ఆమె తలలో ఏమీ లేకుండానే ఆఫీసుకు వచ్చి వెళ్ళింది. ఒక సోమవారం, ఎవరికీ చెప్పకుండా, ఎవరినీ అడక్కుండా, చిన్న కనకాంబరాల మాల పెట్టుకుని వచ్చింది. ఆ రోజు ఆఫీసంతా ఫైళ్ళలో తల దూర్చి, చూడనట్టు చూసింది. ముకుందం ఒక్కడే చూడలేదు. చూస్తే తన ముఖం మీద ఏం కనిపిస్తుందో అతనికి నమ్మకం లేకపోయింది. తర్వాత ఆ సంగతి తలుచుకుని, తను చూడకపోవడాన్ని ఆమె ఎలా అర్థం చేసుకుందోనని కొన్ని నెలలు బాధపడ్డాడు.

ఇప్పుడు ఆమెకు మెమో వచ్చింది. ఆవరణలో శిరోజాల మాధ్యమంగా పుష్ప ప్రదర్శన గావిస్తున్నందుకు సంజాయిషీ ఇవ్వవలసిందని.

మెమో సంగతి తెలిసిన రోజు ముకుందం లైబ్రరీకి వెళ్ళాడు. ఎప్పటిలాగే మనస్తత్వ శాస్త్రం అలమర దగ్గర నిలబడి, ఎప్పుడూ తీసుకునే లావుపాటి పుస్తకమే తీసి బల్ల మీద పెట్టాడు.

"మళ్ళీ ఇదేనా?" అంది హైమవతి. "ఇంకా ఎన్నిసార్లండీ? మనసు తెలిసిపోయి ఉండాలి ఈపాటికి."

"సగం వరకే వచ్చానండి."

"రెండో సగంలో ఏవుందో నేను చూశాను. మొదటి సగమే నయం."

ముకుందం నవ్వాలనుకున్నాడు. నవ్వు ముఖం దాకా వచ్చి అనుమతి కోసం ఆగిపోయింది. "మెమోకి ఏం రాశారు?" అన్నాడు.

"ఏం రాస్తానండీ? ఒకసారి మా అత్తగారు తీయించారు. ఇప్పుడు డైరెక్టరు గారు తీయిస్తానంటున్నారు. ఆవిడ కనీసం ఏడుస్తూ తీయించారు." ఆమె పుస్తకం మీద ముద్ర వేసింది. "అనంతపురం కేంద్రానికి బదిలీ కావాలని పెట్టేశాను. అక్కడ ఎండకి తోటే లేదంట. తోట లేకపోతే విధానం కూడా ఉండదు."

"అంత దూరమా?"

"దూరం గురించి కాదండీ." ఆమె ముద్ర చెక్కను పక్కన పెట్టింది. "ఇంతమంది ఉన్నారు కదా. పువ్వు పెట్టుకుంటే తప్పేవిటని ఒక్కళ్ళు, ఒక్కళ్ళంటే ఒక్కళ్ళు నోరు విప్పితే వెళ్ళాలనిపించేది కాదు. అందరూ తప్పేం లేదని నాతో ఇక్కడ లోపల మాత్రం చెబుతారు. లోపల చెప్పిన మాటలతో నా తల నిండిపోయింది. ఇంక పూలకి చోటెక్కడుంది?"

ముకుందం నోరు తెరిచాడు. లోపల అప్పుడే విచారణ మొదలైంది. ఇప్పుడు మాట్లాడితే అది న్యాయం కోసమా, ఆమె వెళ్ళిపోతుందన్న భయం వల్లనా. రెండోదైతే, న్యాయం పేరుతో దాన్ని చెప్పడం నిజాయితీ అవుతుందా. అతను తీర్పు ఇచ్చుకునేలోపు ఎవరో ట్రైనీ వచ్చి పేపరు అడిగాడు.

కమిషనర్ గారి తనిఖీ కాగానే బదిలీ కాగితం మీద సంతకం చేస్తానన్నారు డైరెక్టరు గారు. ఆయన దృష్టి అంతా ఆ తనిఖీ మీదే ఉంది. రాష్ట్రంలో మొదటి పత్రవనాన్ని చూడటానికే కమిషనర్ గారు వస్తున్నారు.

ఆ వారమే వాన పడింది. మామూలు వాన కాదు. గోదావరి జిల్లాల వాళ్ళు అరుగు మీద కూర్చుని ఇది కదా వానంటే అని మెచ్చుకునే వాన. డైరెక్టరు గారు కూడా వరండాలోకి వచ్చి, ఆకులు కడిగినట్టయ్యాయని సంతోషించారు. ముకుందం లోపల వెనక బెంచీ వాడు సర్దుకుని కూర్చున్నాడు.

తనిఖీకి ముందురోజు ఉదయం ఆకుల మధ్య సన్నని కాడలు లేచాయి. ఒక్కొక్క కాడ చివర అగ్గిపుల్ల తలంత మొగ్గ.

"ఇదేవిటయ్యా?" అన్నారు నరసింగం గారు.

"మొగ్గలండి," అన్నాడు ముకుందం.

"ఆ మాట అనకు. అకాల వృద్ధి అను." ఆయన కళ్ళు తుడుచుకున్నారు. ఈసారి నిజంగానే అవసరమైంది. "తుంచెయ్. అన్నీ."

తోటమాలులు చాలలేదు. మధ్యాహ్నం క్లాసులు రద్దు చేసి, క్షేత్ర శిక్షణ పేరుతో డిప్యూటీ తహసీల్దార్లను తోటలోకి దింపారు. వాళ్ళు ప్యాంట్లు పైకి మడిచి, వరసల్లో గొంతుక్కూర్చుని, మొగ్గలు తుంచారు. చాలాకాలం తర్వాత వాళ్ళ ముఖాల్లో ఉత్సాహం కనిపించింది.

"సార్, రేపు మండలంలో కూడా ఇదే పనా?" అన్నాడు ఒకడు.

"అక్కడ ఇంతకన్నా పెద్దవి తుంచాలి," అన్నారు నరసింగం గారు.

సాయంత్రానికి తోట మళ్ళీ పచ్చగా ఉంది. తెల్లారేసరికి గులాబీ రంగులో ఉంది. తుంచిన చోటల్లా పక్కనుంచి ఇంకో కాడ లేచింది. ఈ గోడనుంచి ఆ గోడ దాకా, జెండా కర్ర చుట్టూ, డైరెక్టరు గారి కిటికీ కిందా, ఒక్క అడుగు ఖాళీ లేకుండా పూశాయి. అన్నీ ఒకే ఎత్తులో, ఒకే రంగులో, ఒకే దిక్కుకు తిరిగి పూశాయి. క్రమశిక్షణలో ఎక్కడా లోపం లేదు.

అత్యవసర సమావేశం జరిగింది. గడ్డి కోసే యంత్రం తెప్పిద్దామన్నారు నరసింగం గారు. కోస్తే ఆకులు కూడా పోతాయి, కమిషనర్ గారు చూడటానికి వస్తున్నది ఆకులనే, అన్నారు డైరెక్టరు గారు. షామియానా గుడ్డ కప్పుదామన్నారు. కప్పిన తోటను తనిఖీ ఎలా చేస్తారు. డైరెక్టరు గారు మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నారు. ఆ క్షణంలో ఆ పెద్దమనిషి అలిసిపోయిన ముఖం చూసి ముకుందానికి జాలి వేసింది. ఒక మంచి మాట చదివి, దాన్ని ప్రేమించడం తప్ప ఆయన చేసిన నేరం లేదు.

అప్పుడు ఆ రోజు అతిథి ఉపన్యాసానికి వచ్చి బయట కాఫీ తాగుతున్న విశ్రాంత వృక్షశాస్త్ర ఆచార్యులు ఆంజనేయశాస్త్రి గారు ఎవరికో గుర్తొచ్చారు. ఆయన్ని లోపలికి పిలిచి సమస్య చెప్పారు. ఆయన బిస్కెట్టు పూర్తిగా నమిలి మింగి, నోరు తుడుచుకున్నారు.

"శాస్త్రరీత్యా చూస్తే," అన్నారు, "పూరేకు అనేది రూపాంతరం చెందిన ఆకే."

నరసింగం గారు తీర్మానాల పుస్తకం దగ్గరికి లాక్కున్నారు.

"అంటే పువ్వు అని ప్రత్యేకంగా..." అన్నారు డైరెక్టరు గారు, కళ్ళు తెరుస్తూ.

"రూపాంతరం చెందిన ఆకుల సముదాయం. ఏ పాఠ్యపుస్తకమైనా అదే చెబుతుంది."

డైరెక్టరు గారు లేచి శాస్త్రి గారి రెండు చేతులూ పట్టుకున్నారు. తీర్మానం అప్పటికప్పుడే ఆమోదం పొందింది. వాన లిల్లీల మీద వచ్చిన వాటిని ఇకపై వర్ణపత్రాలని వ్యవహరించాలి. ఉద్యానాధికారి అభిప్రాయం అడిగారు.

"చిత్తం," అన్నాడు ముకుందం.

"మరి లైబ్రరీలో ఆవిడ కనకాంబరాలు?" అన్నారు నరసింగం గారు, ఏదో లంకె కనబడి.

"ఈ తీర్మానం లిల్లీలకు మాత్రమే వర్తిస్తుంది," అన్నారు డైరెక్టరు గారు. "శాస్త్రాన్ని అంత దూరం లాగకూడదు."

కమిషనర్ గారు పొట్టిగా, ఎప్పుడూ తొందరలో ఉండే మనిషి. కారు దిగి తోట చూసి ఆగిపోయారు. ఆయన వెనకున్న నలుగురూ ఆగిపోయారు.

"పూలు బ్రహ్మాండంగా ఉన్నాయే," అన్నారు.

"అవి ఆకులండీ సార్," అన్నారు డైరెక్టరు గారు.

కమిషనర్ గారు తోటను మళ్ళీ చూశారు. తర్వాత డైరెక్టరు గారిని చూశారు. తర్వాత తన వెనకవాళ్ళను చూశారు. వాళ్ళు అప్పటికే తలలూపుతున్నారు. తనకు తెలియనిదేదో వీళ్ళందరికీ తెలుసునన్న అనుమానం ఆయన ముఖంలో పుట్టి, పెరిగి, గౌరవంగా మారడం ముకుందం దగ్గరనుంచి చూశాడు. ఇంత తక్కువ కాలంలో ఒక మనసు ఇంత దూరం ప్రయాణించడం అతను ఏ పుస్తకంలోనూ చదవలేదు.

"ఆకులు బ్రహ్మాండంగా ఉన్నాయి," అన్నారు కమిషనర్ గారు. "మిగతా కేంద్రాల్లో కూడా ఈ ఆకులే వేయించండి."

భోజనమయ్యాక కారు వెళ్ళిపోయింది. డైరెక్టరు గారు, నరసింగం గారు వరండా మెట్ల మీద నిలబడి కారు పోయిన దారిని ఇంకా నమస్కారంతోనే చూస్తున్నారు. ముకుందం లిల్లీల మధ్య నిలబడి ఉన్నాడు. అప్పుడు లైబ్రరీ తలుపు తెరుచుకుంది. హైమవతి చేతిలో బదిలీ కాగితంతో, తోట మధ్య బాట మీదుగా ఆఫీసు వైపు నడిచి వస్తోంది. ఆ సంతకం అయితే రేపు ఆ కిటికీలో ఇంకెవరో ఉంటారు. మెడ మాత్రం అటే తిరుగుతుంది.

ముకుందం వంగి ఒకటి కోశాడు. చెయ్యి తన ప్రమేయం లేకుండా చేసింది ఆ పని. వెంటనే మనసు పరుగెత్తుకొచ్చి చేతికి ఒక సమర్థన అందించింది. ఇది ఆకు. తీర్మానం ఉంది. ఒక ఉద్యోగి ఇంకో ఉద్యోగికి ఒక ఆకు ఇస్తున్నాడు. తమలపాకు ఇచ్చినంత, కొత్తిమీర కట్ట ఇచ్చినంత. ఎవరూ మెమో ఇవ్వలేరు. ఆమె తీసుకోకపోయినా తను పోగొట్టుకునేది ఒక ఆకు. ఇంత హాయిగా, ఇంత అధికారికంగా, తన జీవితంలో ఏ కోరికకూ చాటు దొరకలేదు. ఈ తీర్మానం చేసిన సంఘాన్ని ముకుందం మనసులో దీవించాడు.

హైమవతి అతని ముందుకు వచ్చి ఆగింది. అతని చేతిలోది చూసింది. తలలో కనకాంబరాలు పొద్దుటివి, కొంచెం వాడాయి.

"ఏవిటండీ అది?" అంది.

"అడగండి, అడగండి," అన్నారు వరండా మీదనుంచి డైరెక్టరు గారు, చాలా సంతోషంగా. కమిషనర్ గారి మెప్పు ఇంకా ఆయన చెవుల్లో ఉంది. "మన ఉద్యానాధికారే చెబుతారు. ముకుందం గారూ, చేతిలో ఉన్నదాన్ని ఏమంటామో అందరికీ వినపడేలా చెప్పండి."

డిప్యూటీ తహసీల్దార్లు భోజనశాల గుమ్మంలో చేతులు తుడుచుకుంటూ ఇటు చూశారు. మంగతాయారు గరిటెతో బయటికి వచ్చింది. ముకుందం ఎప్పటిలాగే తన లోపలికి చూసుకున్నాడు, ఈ జవాబు ఎక్కడ పుడుతోందో, దాని కింద ఏముందో కనుక్కోవడానికి. లోపల ఎవరూ లేరు. విచారణ గది తలుపులు తెరిచి ఉన్నాయి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి.

"పువ్వండీ," అన్నాడు ముకుందం, భోజనశాల దాకా వినపడేలా. "హైమవతి గారి కోసం కోశాను."

చెయ్యి చాపాడు.